కార్బొరేటర్ బండి స్లోలో వణుకుతోంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది: మీ అనుభవాలు చెప్పండి

గోదావరి_800 (రాజమహేంద్రవరం)

మా ఇంట్లో 1994 నాటి మారుతి 800 ఉంది. కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపేది) బండి, ఏసీ లేదు, పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది). నాన్నగారు ముచ్చటపడి కొన్నది, అమ్మే ఉద్దేశం లేదు. రోడ్డు మీద పరుగుకు వంక పెట్టలేం. నాలుగో గేరులో హాయిగా పోతుంది. గేరు తీసి ఆక్సిలేటర్ మీద నుంచి కాలు ఎత్తామా, అంటే స్లోలో ఉంచామా, స్టీరింగు, అద్దాలు, తలుపులు అన్నీ వణకడం మొదలవుతుంది. దేవీచౌక్ దగ్గర రాత్రిపూట హెడ్‌లైట్లతో నిలబడితే ఇంకా కిందికి దిగి ఆగిపోతుంది. వెనకాల హారన్లు.

ఉదయం చోక్ లాగి స్టార్టు చేస్తే బాగానే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కి చోక్ లోపలికి తోశాకే ఈ బాధంతా. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్ ఈమధ్యే మార్చాం. ఊళ్లో చూపిస్తే ఒకరు కార్బొరేటర్ పోయింది, కొత్తది వేయాల్సిందే అన్నారు. మరొకరు స్లో స్క్రూ బిగించి వేగం పెంచి పంపారు. ఇప్పుడు ఆగడం తగ్గింది గానీ, వణుకు అలాగే ఉంది, మొదటి గేరు వేస్తే కుదుపు. డబ్బు పెట్టే ముందు అసలు తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలని ఉంది.

ఆటోనగర్ (విజయవాడ, మెకానిక్)

బాబూ, కొత్త కార్బొరేటర్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. స్లోలో వణికే ప్రతి పాత బండిలోనూ ముందు నింద పడేది దాని మీదే. తిప్పడానికి స్క్రూలు దానికి ఉన్నాయి కాబట్టి అందరి చెయ్యీ అక్కడికే పోతుంది.

మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. చోక్ అంటే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడం. కాకపోతే చల్లగా ఉన్నప్పుడు ఏ ఇంజిన్‌కైనా చోక్ కావాలి, కాబట్టి ఉదయం చూసిందాన్ని బట్టి ఏమీ తేల్చలేం. బండిని కాసేపు తిప్పి, బాగా వేడెక్కాక, స్లోలో వణుకుతున్న సమయంలోనే చోక్ గుండీని కొద్దికొద్దిగా లాగి చూడండి. వణుకు తగ్గితే ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదు, లేదా లెక్కలో లేని గాలి ఎక్కడి నుంచో దూరుతోంది. ఇంకా చెడి, నల్లపొగ కక్కి, ఆగిపోబోతే పెట్రోలు ఎక్కువవుతోంది: ఫ్లోటు, నీడిల్ వాల్వు (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసేవి) చూడాలి. అటూ ఇటూ ఏ మార్పూ లేకపోతే కార్బొరేటర్ జోలికే పోవద్దు. కరెంటు వైపు, టాపెట్ల (వాల్వుల గ్యాపు సర్దేవి) వైపు వెళ్లండి.

గాలి లీకు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ ఇదే. స్లోలో థ్రాటిల్ పళ్లెం (గాలిదారిని మూసి తెరిచేది) దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ పీల్చేదే కొద్దిపాటి గాలి. ఆ స్థితిలో సూది బెజ్జమంత దారి దొరికినా మిశ్రమం పలచబడి మిస్సింగ్ కొడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నప్పుడు ఆ బెజ్జం గాలి లెక్కలోకే రాదు. రోడ్డు మీద బాగుండి సిగ్నల్ దగ్గర చెడే బండిలో ముందుగా దీన్ని అనుమానించాలి.

కార్బొరేటర్ అడుగుకూ, మ్యానిఫోల్డుకూ (ఇంజిన్‌లోకి మిశ్రమం వెళ్లే గొట్టానికి) మధ్య, వేడి పైకి ఎక్కకుండా దళసరి బేకలైట్ దిమ్మ ఉంటుంది. దానికి పైనా కిందా కాగితపు ప్యాకింగులు. స్లో బాగాలేదని విప్పిన ప్రతివాళ్లూ నాలుగు నట్లనూ బలంకొద్దీ బిగిస్తారు. ఏళ్ల తరబడి అలా బిగించగా కార్బొరేటర్ చెవులు కిందికి వంగి, మధ్యలో సందు పడుతుంది. ఇంకా బిగిస్తే ఇంకా వంగుతుంది. ఆ తర్వాత చూడాల్సింది సన్నటి రబ్బరు గొట్టాలు. పైకి బాగానే కనిపిస్తాయి, మెలి తిప్పితే పగుళ్లు బయటపడతాయి. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టాన్ని ఊడదీసి నోటితో పీల్చి, నాలుకతో మూయండి. పీలుపు నిలబడాలి. గాలి వస్తూనే ఉంటే లోపలి పొర చిరిగింది. బ్రేకు బూస్టరు (బ్రేకుకు బలం పెంచేది) ఉన్న బండి అయితే బ్రేకు తొక్కి పట్టుకోండి. స్లో గట్టిగా మారి, అలాగే ఉండిపోతే బూస్టరు గొట్టం వైపు చూడాలి. చివరిది థ్రాటిల్ ఇరుసు. దాన్ని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపితే ఆడకూడదు. ఆడితే ఆ రెండు చివర్ల నుంచీ గాలి లోపలికి దూరుతోంది. దీనికి లేతు దగ్గర ఇత్తడి బుష్ వేయించాలి, మా ఆటోనగర్‌లో ఇంకా చేసేవాళ్లు ఉన్నారు.

లీకు పట్టడానికి మూరెడు రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను కార్బొరేటర్ అడుగున, గొట్టాల అతుకుల దగ్గర మెల్లగా తిప్పండి. లీకు దగ్గర 'స్స్' అని స్పష్టంగా వినిపిస్తుంది. ఫ్యాను బెల్టుకు దూరంగా ఉండండి. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి చూసేవాళ్లున్నారు. లీకు ఉన్నచోట పడగానే ఇంజిన్ గొంతు మారుతుంది. కానీ అది మండే సరుకు, వేడి సైలెన్సర్ గొట్టం పక్కనే ఉంటుంది. కొత్తవాళ్లు చేయకపోవడం మంచిది.

అంబాసిడర్_ప్రేమ (విశాఖపట్నం)

ఆటోనగర్ గారి మాటకు ఒక చేర్పు. పాయింట్ల బండి అన్నారు కాబట్టి కార్బొరేటర్ విప్పే ముందే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. పాయింట్ల (ప్లగ్గు మంట కోసం కరెంటు తెంచే కొసల) మీద ఒకవైపు గుంట, రెండోవైపు గుబ్బ లేచి ఉంటే కండెన్సర్ బలహీనపడిందని అర్థం. గరుకు కాగితంతో రుద్ది పెడితే నాలుగు రోజులే. పాయింట్లు, కండెన్సర్ రెండూ కలిపి మార్చి, గ్యాపును ఫీలర్ గేజితో పెట్టండి, కంటి అంచనాతో కాదు. గ్యాపు మారితే టైమింగ్ (ప్లగ్గు మంట కొట్టే వేళ) కూడా మారుతుంది, అదీ సరిచూడాలి. మూత లోపల నల్లటి సన్నని గీత కనిపిస్తే కరెంటు అడ్డదారిన పోతున్నట్టే, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

హెడ్‌లైట్లు వేస్తే ఆగిపోతోందన్నారు కదా. బ్యాటరీ ఎర్త్ వైరు, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ శుభ్రం చేశారా?

ఇంధనం_చూడండి (అనంతపురం, రసాయనశాస్త్రం చెబుతాను)

ఇంతమంది రాశారు, పెట్రోలు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఈ బండి తయారైనప్పటి పెట్రోలు ఇప్పుడు ఎక్కడా దొరకదు. దేశంలో 2022 నాటికి పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిసింది, 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లే చాలు. ఇంజెక్షన్ బండిలో సెన్సరు చూసుకుని ఇంధనం పెంచుతుంది. కార్బొరేటర్‌కు ఆ చూపు లేదు, జెట్టు (పెట్రోలు వచ్చే సన్నటి దారి) బెజ్జం ఎంతో అంతే. 20 శాతం ఇథనాల్‌తో మిశ్రమం సుమారు 7, 8 శాతం పలచబడుతుంది. అసలే స్లోలో అంచు మీద నడిచే ఇంజిన్‌కు అది తక్కువ కాదు.

పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బండి వారాల తరబడి కదలకపోతే ఫ్లోటు గిన్నె అడుగున నీరు చేరి, అల్యూమినియం మీద తెల్లటి పొడి కడుతుంది. ఆ పొడే స్లో జెట్టులో అడ్డం పడుతుంది. పాత రబ్బరు గొట్టాలూ మెత్తబడతాయి.

ఆటోనగర్ (విజయవాడ, మెకానిక్)

లెక్చరర్ గారూ, మీరు చెప్పిన లెక్క సరైనదే. తెల్లపొడి రోజూ చూస్తున్నాం, గొట్టాల సంగతీ నిజమే. కానీ మొత్తం నేరం పెట్రోలు మీదికి తోసేస్తే ఒప్పుకోలేను. అదే బంకులో అదే పెట్రోలు పోసుకుని నిలకడగా స్లో ఆడే 800లు నా షెడ్డు ముందే ఉన్నాయి. పెట్రోలు మారినందుకు మిశ్రమం స్క్రూను పావు చుట్టు బయటికి తిప్పితే సర్దుకుంటుంది. సర్దుకోలేదంటే మరో తప్పు ఉన్నట్టే. పెట్రోలే కారణమని తీర్మానించుకున్న మనిషి ఇక గొట్టం పగులు వెతకడు. నా అభ్యంతరం అదొక్కటే.

ఇంధనం_చూడండి (అనంతపురం)

అంగీకరిస్తాను. ఇథనాల్ తప్పును పుట్టించకపోవచ్చు, దాగి ఉన్నదాన్ని బయటపెడుతుంది. అయినా ఇంధన గొట్టాలను మాత్రం ఇథనాల్‌కు తట్టుకునే రకంతో ఒకసారి మార్పించమని నా సలహా. ఇంజిన్ గదిలో పెట్రోలు కారడం ప్రాణాల మీదికి తెచ్చే సంగతి.

డల్లాస్_పికప్ (టెక్సస్)

నమస్కారం. నా దగ్గర 1972 షెవ్రొలే పికప్ ఉంది, నాలుగు నోళ్ల కార్బొరేటర్. ఇక్కడ పాత బండ్లవాళ్ల దగ్గర తప్పకుండా కనిపించే పరికరం వాక్యూమ్ గేజి. ధర తక్కువ, మ్యానిఫోల్డు గొట్టానికి తగిలిస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ స్లోలో సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ముల్లు కదలకుండా 15 లోపు నిలబడితే గాలి లీకు, లేదా టైమింగ్ వెనకబడింది. క్రమం తప్పకుండా ఒక్కో దెబ్బకు కిందికి పడి లేస్తుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. మీ 800 లాంటి మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ముల్లు సహజంగానే కొంచెం ఎక్కువ అదురుతుంది, దానికి కంగారు పడకండి.

గోదావరి_800 (రాజమహేంద్రవరం)

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం తీరిగ్గా కూర్చున్నాను. వేడి మీద చోక్ పావు వంతు లాగగానే వణుకు స్పష్టంగా తగ్గింది. ఎర్త్ పట్టీ నట్టు దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది, గీకి బిగించాను. లైట్లు వేసినప్పుడు దిగడం కొంత తగ్గింది. వాక్యూమ్ గొట్టం పీల్చి చూశాను, నిలబడింది. చెవికి గొట్టం పెట్టి వింటే, కార్బొరేటర్ అడుగున, ఇంజిన్ వైపు మూల దగ్గర సన్నటి 'స్స్' వినిపిస్తోంది. మిగతా మూడు మూలల దగ్గర లేదు.

ఒక సందేహం. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ తీసి చూడమని ఒకరు చెప్పారు. చేయవచ్చా?

ఆటోనగర్ (విజయవాడ, మెకానిక్)

దొరికింది కదా! విప్పే ముందు వైర్ల పరీక్ష కూడా చేసుకోండి. ఇంజిన్ ఆపి, ఒక వైరు తీసి, దాని కొసను ఇంజిన్ లోహానికి తగిలేలా ఆనించి, అప్పుడు స్టార్టు చేయండి. వైరును గాల్లో వదిలేస్తే కాయిల్ మీద భారం పడుతుంది, చేతికి తగిలితే షాకు. ఉన్నవే మూడు సిలిండర్లు కాబట్టి ఏ వైరు తీసినా ఇంజిన్ విలవిలలాడాలి. ఏది తీస్తే పెద్దగా తేడా రాదో, ఆ సిలిండరు పనిచేయడం లేదన్నమాట.

కార్బొరేటర్ విప్పాక అడుగు భాగాన్ని దళసరి అద్దం మీద పెట్టి, మూలలు నొక్కి చూడండి. ఊగితే వంగినట్టు. అద్దం మీద గరుకు కాగితం పరిచి, గుండ్రంగా, తేలిక చేత్తో రుద్దాలి. మెరుపు అన్ని చోట్లా సమానంగా వచ్చేదాకా రుద్దితే చాలు. రంధ్రాల్లోకి పొడి పోనివ్వకండి. బేకలైట్ దిమ్మకు నెర్రె ఉంటే కొత్తదే వేయాలి, బంకతో అతికించవద్దు. ప్యాకింగులు కొత్తవి. నట్లు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించండి, స్ప్రింగ్ వాషరు అణగగానే ఆపేయండి.

ఇంకొకటి. కార్బొరేటర్ ఒంటికి ఒంటి వైరు వచ్చే సొలెనాయిడ్ ఉంటే, తాళం ఆన్ చేసి ఆ వైరు తీసి పెట్టండి, 'టిక్' అనాలి. అనకపోతే స్లో దారికి పెట్రోలే అందదు. ఆక్సిలేటర్ మీద కాలున్నంతసేపూ నడిచి, తీయగానే ఠక్కున ఆగిపోయే బండ్లలో ఇది తరచుగా దొరుకుతుంది.

పొగ_పరీక్ష (నెల్లూరు, కాలుష్య తనిఖీ కేంద్రం)

మా దగ్గరి యంత్రాన్ని అందరూ సర్టిఫికెట్ కోసమే వాడుకుంటారు. ట్యూనింగ్‌కు అంతకంటే మంచి సాధనం లేదు. 1994 కారుకు స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. కాగితం మీద ఈ రెండు అంకెలనూ కలిపి చదవండి. మోనాక్సైడ్ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ. మోనాక్సైడ్ బాగా తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు పెరిగితే, మిశ్రమం పలచనై కొన్ని దెబ్బలు మండకుండానే బయటికి పోతున్నాయి, లేదా ఒక ప్లగ్గు కొట్టడం లేదు. గాలి లీకు బండ్లు సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి. రద్దీ లేని వేళ వచ్చి అడిగితే, గొట్టం పెట్టి ఉంచి స్క్రూ తిప్పుకోనిస్తాం. చాలా కేంద్రాల వాళ్లు కాదనరు.

గోదావరి_800 (రాజమహేంద్రవరం)

పని అయింది. అడుగు భాగం ఇంజిన్ వైపు మూల దగ్గర వంగి ఉంది, పాత ప్యాకింగ్ ఆ మూల మసిబారి, చిట్లిపోయింది. అద్దం మీద రుద్దించి, దిమ్మ, ప్యాకింగులు కొత్తవి వేయించాం. స్టార్టు చేయగానే ఇంజిన్ గట్టిగా అరిచింది. కంగారుపడ్డాం గానీ, లోగడ బిగించి పెట్టిన స్లో స్క్రూ వల్లనే అని మెకానిక్ చెప్పి వెనక్కి తిప్పారు. ఇప్పుడు స్లో నిమిషానికి 900 చుట్ల దగ్గర నిలబడుతోంది, లైట్లు వేసినా ఆగడం లేదు.

వణుకు చాలావరకు పోయింది, పూర్తిగా కాదు. వైర్ల పరీక్షలో మధ్య సిలిండరు కొంచెం బలహీనంగా తేలింది.

ఆటోనగర్ (విజయవాడ, మెకానిక్)

సంతోషం. ఇక టాపెట్లు చూపించండి. రాత్రంతా నిలిపిన బండి మీద, చల్లగా ఉండగా. వదులైన టాపెట్ టకటకమని చెప్పుకుంటుంది, బిగిసినది మాత్రం నోరెత్తదు. వాల్వు పూర్తిగా మూసుకోక స్లోలో ఆ సిలిండరు బలం తగ్గుతుంది, అలాగే వదిలేస్తే వాల్వు అంచు కాలిపోతుంది. టాపెట్లు సరిచేసినా మధ్య సిలిండరు లేవకపోతే కంప్రెషన్ (సిలిండరులో ఒత్తిడి) చూపించండి. మూడింటికీ పెద్ద తేడా ఉండకూడదు. ఇవన్నీ బాగుండి ఇంకా కొంచెం అదురుంటే ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చూడాలి. మూడు సిలిండర్ల ఇంజిన్ ఎంత బాగున్నా నాలుగు సిలిండర్లంత నిశ్శబ్దంగా ఉండదు. ఆ అదురును మింగడానికే ఆ రబ్బర్లు. గట్టిపడితే మొత్తం బాడీకి ఎక్కిస్తాయి.

మిశ్రమం స్క్రూ ఆఖర్న. ఇంజిన్ వేడిగా, ఎయిర్ ఫిల్టర్ తగిలించి ఉండాలి. స్క్రూను లోపలికి తిప్పుతూ ఇంజిన్ తడబడేచోటు చూసుకుని, బయటికి తిప్పుతూ అత్యంత నున్నగా ఆడేచోట ఆపండి. వేగం పెరిగితే స్లో స్క్రూతో తగ్గించండి. మళ్లీ మిశ్రమం, మళ్లీ స్లో. లోపలికి ఎప్పుడూ బిగించి కూర్చోబెట్టవద్దు, సూది కొస మీద గాడి పడితే ఆ స్క్రూ ఇక ఎక్కడా నిలకడగా ఉండదు.

అంబాసిడర్_ప్రేమ (విశాఖపట్నం)

టాపెట్ల మాట వచ్చింది కాబట్టి అంబాసిడర్లు ఉన్నవాళ్లకు. పాత పెట్రోలు ఇంజిన్ హెడ్డు పోత ఇనుము, వాల్వు కూర్చునే అంచు అందులోనే చెక్కి ఉంటుంది. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో ఆ సీసమే అంచును కాపాడేది. 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. దూరాలు ఎక్కువగా, వేగంగా తిరిగే బండ్లలో వాల్వు లోపలికి దిగి టాపెట్ గ్యాపు తనంతట తాను మూసుకుపోతుంది. హెడ్డు విప్పే సందర్భం వస్తే గట్టి సీట్లు వేయించుకోండి.

వరంగల్_బుల్లెట్ (హనుమకొండ)

అన్నగారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది పాత పోత ఇనుప ఇంజిన్ బుల్లెట్. స్లోలో దెబ్బ దెబ్బకూ తేడా, వెనక నుంచి ఫట్‌మని శబ్దం. మీరు చెప్పినట్టు స్క్రూ బయటికి తిప్పితే ఇంకా పెరిగింది. నా బండికి ఉల్టాగా ఉందా?

ఆటోనగర్ (విజయవాడ, మెకానిక్)

అవును తమ్ముడూ, ఉల్టాయే. కారు స్క్రూ ఇంజిన్ వైపు ఉంటుంది, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని వదులుతుంది. బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. మీ బుల్లెట్ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటుంది, అది వదిలేది ఒట్టి గాలిని. బయటికి తిప్పితే గాలి పెరిగి మిశ్రమం పలచబడుతుంది. ఏ బండి అయినా స్క్రూ థ్రాటిల్ పళ్లేనికి (బుల్లెట్‌లో అయితే స్లైడుకు) ఏ వైపున ఉందో చూస్తే తెలిసిపోతుంది. ముందు మెల్లగా ఆనేదాకా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు బయటికి తెచ్చి మొదలుపెట్టండి. ఫట్‌మనే శబ్దానికి సైలెన్సర్ గొట్టం హెడ్డులో కూర్చునేచోట కూడా చూడండి, అక్కడ గాలి పీల్చినా అలాగే పేలుతుంది.

ఆర్ఎక్స్_100 (కర్నూలు)

టూ స్ట్రోక్ వాళ్లకు మరో మాట. స్లో తనంతట తాను పైకి లేచి, రేసు వదిలాక కూడా అక్కడే వేలాడి నెమ్మదిగా దిగుతుంటే కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు చూడండి. అది బాగుంటే మాగ్నెట్ వైపు క్రాంకు సీలు (ఇంజిన్ ఇరుసు చుట్టూ గాలి దూరకుండా ఆపే రబ్బరు). ఆ లీకుతో ఎక్కువ దూరం నడిపితే మిశ్రమం పలచనై, దాంతోపాటు ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. సీలు మార్చేదాకా బండి తీయకండి.

వరంగల్_బుల్లెట్ (హనుమకొండ)

ఆటోనగర్ గారూ, లోపలికి పావు చుట్టు తిప్పగానే దెబ్బ సమానమైంది. సైలెన్సర్ గొట్టం మొదట్లో మసి చార కనిపిస్తోంది, అక్కడ ఏ ప్యాకింగ్ వేయాలి?

ఆటోనగర్ (విజయవాడ, మెకానిక్)

గొట్టాన్ని విప్పి అంచు గుండ్రంగా ఉందో లేదో చూడండి. నొక్కుకుపోయి ఉంటే లేతు దగ్గర సరిచేయించండి, తర్వాత వేడికి తట్టుకునే సైలెన్సర్ పేస్టు పలచగా పూసి, తట్టి కూర్చోబెట్టండి. బిగించాక కొన్ని నిమిషాలు స్లోలోనే ఆడనిచ్చి ఆపి, రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు మళ్లీ మసి చార వస్తే ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.